పాత పిక్‌అప్ బండికి క్రొత్త టైర్లు: ఎన్నిక యెట్లు?



మన గ్రామములలో నిప్పుడు కాడిమ్రానును గూర్చిన మాటలకంటె టైరును గూర్చిన మాటలే యెక్కువగా వినవచ్చుచున్నవి. కల్లము నుండి గిడ్డంగికి, గిడ్డంగి నుండి యార్డుకు, తోట నుండి రైతు బజారుకు సరకు చేరవేయు పని యొకప్పుడు ఎడ్లబండిది. 2005వ సంవత్సరమున టాటా ఏస్ అను చిన్నబండి, మనవారు టాటా ఏసీ యని పిలుచునది, అమ్మకమునకు వచ్చిన పిమ్మట ఆ పని క్రమక్రమముగా నాలుగు చక్రముల మోటారు బండ్ల వశమైనది. దానికంటె పెద్దవైన బొలెరో పిక్‌అప్‌లును నేడు పెద్ద గ్రామములన్నిటను కానవచ్చుచున్నవి. వీనిలో పెక్కు బండ్లు పట్టణములలో పదేండ్లు తిరిగి, రెండు మూడు చేతులు మారి, తుదకు మన యొద్దకు వచ్చినవి. కొనునాడు ఇంజను సంగతి విచారింతుము, కాగితముల సంగతి విచారింతుము. చక్రముల సంగతి విచారించువారు అరుదు. అవి గుండ్రముగా నున్నవి, తిరుగుచున్నవి, అంతటితో సరిపెట్టుకొందుము.

ఈ యుపేక్ష తగదని నా యభిప్రాయము. పాత బండికి టైరు కొనునపుడు మూడు సంగతులు తెలిసికొనక రూపాయి యైనను ఈయరాదు. ఆ టైరు ఎంత బరువు మోయగలదు, అది యెప్పుడు తయారైనది, బండి చేసినవారు నిర్ణయించిన కొలత అదియేనా కాదా. ధర విచారము వీని తరువాతిది. ఇది నేను పుస్తకములు చదివి చెప్పుచున్న మాట కాదు. నేను చేసిన పొరపాటునకు వేరొకరు శిక్ష ననుభవించిరి, అందువలన వ్రాయుచున్నాను.

2022వ సంవత్సరము ఏప్రిలు మాసమున మా మిరపకాయలను గుంటూరు యార్డునకు పంపితిమి. బండిని నడుపుచున్నవాడు నా మేనల్లుడు. అంతకు రెండు మాసముల ముందే వెనుక టైర్లు రెండును అరిగిపోగా, “మామయ్యా, క్రొత్తవి కొందము” అని వాడు రెండు మారులు చెప్పినాడు. ఆ యేడు ఎరువుల ఖర్చు, కూలి ఖర్చు భారమై యుండుటచే నేను వినలేదు. పట్టణమున పాత టైర్లు అమ్ము దుకాణమొకటి చూచి, చాళ్లు లోతుగా నున్నవి, నల్లగా నిగనిగలాడుచున్నవి గదా యని రెండు పాత టైర్లు తెచ్చి వేయించితిని. క్రొత్తదాని ధరలో మూడవవంతునకే వచ్చినవని సంతోషించితిని కూడ. ఫిరంగిపురము దాటిన పిమ్మట, మిట్టమధ్యాహ్నపు టెండలో వెనుక ఎడమ టైరు పేలినది. బండి రోడ్డు దిగి ప్రక్కనున్న పల్లములోనికి ఒరిగినది. టిక్కీలు చెల్లాచెదరైనవి, పిల్లవాని మెడయెముక, అనగా భుజమునకు ముందుభాగమున నుండు యెముక, విరిగినది. ప్రాణాపాయము తప్పినందులకు దైవమునకు నమస్కరించితిమి గాని, నేటికిని వాడు కుడిచేతితో బస్తా నెత్తలేడు.

ఆ చినిగిన టైరును ఇంటికి తెచ్చి చూచితిని. ప్రక్కగోడపై చిన్న గుడ్డు ఆకారములో నొక గీతయు, అందులో 1411 అను అంకెలును గలవు. దాని యర్థము తెలిసిన మెకానిక్కు చెప్పినది విని నేను నోరు తెరచితిని. మొదటి రెండంకెలు వారము, తరువాతి రెండంకెలు సంవత్సరము. 2011వ సంవత్సరమున పదునాలుగవ వారమున తయారైన టైరది. పేలునాటికి దాని వయస్సు పదునొకండు ఏండ్లు. చాళ్లు అరగకపోవుటకు కారణము అది మంచిదగుట కాదు. ఎక్కడనో స్టెప్నీగా ఏండ్లకొలది వ్రేలాడుచు ఎండి యుండును. నిగనిగ యంతయు పైన పూసిన నల్లరంగు మహిమ.

ఈ నాలుగంకెల సంగతి ప్రతి సభ్యుడును కంఠస్థము చేయదగినది. టైరు ప్రక్కగోడపై డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు పంక్తి యొకటి యుండును. ఆ పంక్తి చివర నుండునవి యీ యంకెలే. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము ఇరువది మూడవ వారము. ఈ నాలుగంకెల పద్ధతి 2000వ సంవత్సరము నుండి వచ్చినది. అంతకు ముందు మూడంకెలే యుండెడివి. అట్టి టైరెవరైన చూపినచో పిల్లల ఉయ్యాలకు తప్ప తీసికొనకుడు. ఒక చిక్కు గలదు. ఈ తేదీ సాధారణముగా టైరునకు ఒక ప్రక్కనే ముద్రింపబడును. బిగించునపుడు ఆ ప్రక్క లోపలికి పోయినచో బయట నిలుచున్నవానికి కనబడదు. కాబట్టి బిగింపక ముందే చూడవలయును. బిగించియున్న బండి కొనునపుడు బండిక్రిందికి దూరి యైనను చూడవలయును.

రబ్బరు తిరిగినను తిరుగకున్నను ముదియును. గాలిలోని ఆమ్లజని, ఎండ, వేడి దానిని పెళుసు చేయును. ప్రక్కగోడపై సన్నని పగుళ్లు, ఎండిన చెరువు నేలవంటివి, కనబడినచో ఆ టైరు పని ముగిసినదని తెలియవలయును. ఆరేండ్లకు మార్చుడని పెక్కు బండ్ల కంపెనీలు చెప్పుచున్నవి. పదేండ్లు దాటిన టైరును చూపునకు బాగుగా నున్నను తీసివేయవలయునని టైర్ల తయారీదారులే చెప్పుచున్నారు. మన యెండలకు, మన రోడ్లకు ఆరేండ్ల లెక్కయే తగినదని నా మతము.

ఇక బరువు. ఈ విషయమున మనము చేయు తప్పు మరియొక విధమైనది. కొలత సరిపోయిన చాలునని తలంతుము. 215/75 ఆర్ 15 అని ప్రక్కగోడపై నుండును. అందులో 215 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనునది ఆ వెడల్పులో ప్రక్కగోడ ఎత్తు నూటికి ఎంత యని. ఆర్ అనగా రేడియలు అను కట్టుబడి. 15 అనునది రిమ్ము అడ్డుకొలత, అంగుళములలో. ఇంతవరకు పలువురికి తెలియును. దీని వెనుక నుండు మరియొక సంఖ్యను ఎవరును చదువరు. 100 ఎస్ అనియో, 112/110 ఎన్ అనియో యుండును. ఆ సంఖ్యయే టైరు మోయగల బరువును దెలుపు గుర్తు. అది కిలోలలో నుండదు. దానికొక పట్టిక గలదు. 91 అనిన 615 కిలోలు. 100 అనిన 800 కిలోలు. 104 అనిన 900, 108 అనిన 1,000, 112 అనిన 1,120 కిలోలు. రెండు సంఖ్యలున్నచో మొదటిది ఇరుసుకొక ప్రక్క ఒక్క చక్రమే యున్న బండికి, రెండవది లారీవలె జంట చక్రములున్న బండికి. మన పిక్‌అప్‌లకు మొదటిదే లెక్క. చివరి అక్షరము వేగమునకు సంబంధించినది. మనము నడుపు వేగమునకు దానితో నంతగా పని లేదు.

ఇప్పుడొక లెక్క వేసి చూతము. బండి స్వంత బరువు 1,600 కిలోలనుకొందము. డ్రైవరు, ప్రక్కనొకరు కలసి 150. మిరపకాయల టిక్కీ యొకటి 43 కిలోల చొప్పున 30 టిక్కీలు వేసినచో 1,290. మొత్తము మూడు వేలకు పైబడి నలుబది కిలోలు. సరకంతయు వెనుక తొట్టిలో నుండుటచే ఈ బరువులో ఇంచుమించు మూడింట రెండువంతులు వెనుక ఇరుసుపై బడును. అనగా రెండు వేల కిలోలు. వెనుక టైరొక్కటికి వేయి కిలోలు. 108 గుర్తుగల టైరునకు అది సరిగ్గా కంఠము వరకు వచ్చిన బరువు. అదే కొలతలో కారుకై చేసిన 100 గుర్తుగల టైరును వేసినచో, 800 కిలోలు మోయవలసిన దానిపై వేయి మోపుచున్నాము. ముప్పది టిక్కీలకే యిట్లున్నది. యార్డు తేదీ తప్పిపోవునని నలుబది, నలుబదియైదు వేయు దినములు మనకెవరికి తెలియనివి? ఆ దినమున ఏ టైరును సరిపోదు. ఆ తప్పు టైరుది గాదు.

కారు టైరు, బరువుబండి టైరు పైకి ఒక్కటిగనే కనబడును. తేడా తెలిసికొనుటకు తేలికయైన మార్గములు గలవు. చిన్న సరకుబండ్లకై చేసిన వానిపై ఎల్.టి. అను అక్షరములు గాని, 8 పి.ఆర్. అనియో 12 పి.ఆర్. అనియో పొరల బలమును దెలుపు సంఖ్య గాని యుండును. టాటా ఏసుకు కంపెనీవారు వేసినది 145 ఆర్ 12 ఎల్.టి. 8 పి.ఆర్.; అంత చిన్న చక్రమున కైనను బరువు టైరే యుండుట గమనింపుడు. రెండవది ఐ.ఎస్.ఐ. ముద్ర. టైర్లకు ఈ ముద్ర తప్పక యుండవలయునని కేంద్ర ప్రభుత్వమువారు 2009వ సంవత్సరమున ఉత్తరువు చేసిరి. ముద్రపైన నుండు సంఖ్య 15633 అయినచో అది కార్ల టైరు. 15636 అయినచో అది సరకు బండ్ల తరగతి టైరు. అమ్మువాడేమి చెప్పినను రబ్బరుపై నున్న అంకె మారదు.

కొందరు యువకులకు పెద్ద టైర్లపై మోజు. బండి ఎత్తుగా కనబడును, బురదలో దిగబడదని వారి వాదము. 215/75 ఆర్ 15 తీసి 235/75 ఆర్ 15 వేసినచో చక్రము అడ్డుకొలత 703 మిల్లీమీటర్ల నుండి 733కు పెరుగును; అనగా నూటికి నాలుగుకు పైగా. దాని ఫలము వినుడు. మీటరు 60 చూపునపుడు బండి 62కు పైగా పోవుచుండును. చక్రము పెద్దదైన కొలది దానిని త్రిప్పుటకు ఇంజను ఎక్కువ బలము పెట్టవలయును. పాత ఇంజనుకు అది క్లచ్చు ఖర్చు. బ్రేకు మునుపటివలె పట్టదు. బరువు వేసి గుంతలో దిగినపుడు, మలుపు త్రిప్పినపుడు టైరు మడ్‌గార్డు రేకుకు రాచుకొనును. బురద విషయమున మాత్రము వారి మాటలో కొంత నిజము గలదు. కాని బురదలో పనికివచ్చునది టైరు ఎత్తు కంటె చాళ్ల తీరు. పొలము బాటలు ఎక్కువగా నడుచు బండికి లోతైన, దూరదూరపు చాళ్లున్న టైరు మంచిది. యార్డుకు, పట్టణమునకు తారు రోడ్డుపై పోవు బండికి ఆ టైరు రొద చేయును, త్వరగా అరుగును. మన బండ్లు నూటికి తొంబది పాళ్లు తారు రోడ్డుపైననే తిరుగునని నా యెరుక. అందుచే వెనుక చక్రములకు మాత్రము కొంచెము లోతు చాళ్లున్న దానిని అదే కొలతలో వేసికొనుట మధ్యేమార్గము.

చట్టము సంగతి కూడ చెప్పవలసియున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము బండి తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. ప్రమాదము జరిగిన దినమున బీమా కంపెనీవారు మొట్టమొదట వెదకునది ఇట్టి మార్పులనే.

రిమ్ముల విషయమునకు వత్తము. మన మెకానిక్కులు డిస్కు అని పిలుచు ఇనుప చక్రమును మార్చవలసిన యవసరము చాలమందికి కలుగదు. కలిగినపుడు మాత్రము మెరయు అల్లాయ్ చక్రములవైపు చూపు పోవును. అవి తేలికయైనవి, అందమైనవి, కార్లకు తగినవి. బస్తాల బండి గుంతలో బడినపుడు ఇనుప రిమ్ము వంగును. అల్లాయ్ చక్రము పగులును. పగిలినదానిని వెల్డింగు చేసి వాడుట ప్రాణముతో నాటలాడుట. అంతకంటె గుప్తమైన చిక్కు మరియొకటి గలదు. రిమ్ములో హబ్బునకు ఆనుకొను పలక, రిమ్ము నడిమధ్యకు ఎంత లోపలనో బయటనో యుండుటకు కంపెనీవారు ఒక లెక్క పెట్టుకొని యుందురు. వేరొక బండి రిమ్మును, బోల్టు రంధ్రములు కుదిరినవి గదా యని వేసినచో చక్రము బయటికి జరుగవచ్చును. ఎడ్లబండి చక్రమును ఇరుసు చివరకు జరిపి సీల కొట్టినచో ఇరుసు ఎంత త్వరగా అరుగునో మీకు తెలియును. ఇక్కడ అరుగునది బేరింగు. నట్టుల విషయమును మరువరాదు. ఇనుప రిమ్ము నట్టు ఆనుకొను గుంట తీరు వేరు, అల్లాయ్ చక్రపు గుంట తీరు వేరు. ఒకదాని నట్టును మరియొకదానికి బిగించినచో అది బిగిసినట్లే యుండి దారిలో వదులగును.

పాత ఇనుప రిమ్మును పారవేయక ముందు టైరు విప్పించి చూడుడు. టైరు అంచు కూర్చుండు చోట త్రుప్పు పొరలు పొరలుగా లేచినదా? బోల్టు రంధ్రములు గుండ్రముగా నున్నవా, కోడిగ్రుడ్డు వలె సాగినవా? రంధ్రముల చుట్టును వెండ్రుక వంటి చీలిక గలదా? పైపై త్రుప్పు మాత్రమే అయినచో గీయించి రంగు వేయించిన చాలును. రంధ్రము సాగినను, చీలిక కనబడినను ఆ రిమ్మును ఇనుప సామానుల వానికి వేయుడు. చాల పాతవైన రిమ్ములలో ట్యూబులేని టైరు అంచును పట్టి యుంచు చిన్న గట్టు ఉండదు. అట్టి రిమ్మునకు ట్యూబులేని టైరు పనికిరాదు. ట్యూబు టైరే వేయవలయును. ట్యూబు వేయునపుడు టైరు కొలతకు తగిన క్రొత్త ట్యూబు వేయుడు. వేయి రూపాయలు మిగులునని క్రొత్త టైరులో పాత అతుకుల ట్యూబును దూర్చినవారు మన సభ్యులలోనే గలరు, పేర్లు చెప్పను.

టైర్లు వేయించుటకు ముందు పాత టైర్లను ఒక్కసారి చేయి పెట్టి తడిమి చూడుడు. ఆకు చూచి తెగులు చెప్పినట్లు, అరుగుదలను చూచి బండి రోగము చెప్పవచ్చును. రెండు అంచులును అరిగి నడుమ మిగిలినచో గాలి తక్కువగా నడిపితిమి. నడుమ మాత్రమే అరిగినచో గాలి యెక్కువ. ఒక అంచే అరిగినచో చక్రముల వంపు, అలైన్‌మెంటు తప్పినది. పాత బండ్లలో తరచుగా బాల్ జాయింట్లు, బుష్షులు అరుగుటయే దీనికి మూలము. అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగినచో షాక్ అబ్సార్బరు పని చేయుటలేదు. ఈ రోగమును మాన్పక క్రొత్త టైర్లు వేసినచో కొద్దివేల కిలోమీటర్లలోనే అవియు అట్లే యగును. రెండు టైర్లకే డబ్బున్నచో నాలుగు కొనవలెనని అప్పు చేయకుడు. ఆ మిగిలిన డబ్బుతో మొదట బుష్షులు వేయించి, అలైన్‌మెంటు చేయింపుడు.

ఆ రెండు క్రొత్త టైర్లు ముందు వేయవలెనా, వెనుక వేయవలెనా యను తగవు మెకానిక్కు షెడ్డులలో నిత్యము జరుగుచుండును. నా యుత్తరము వెనుక. బరువు అక్కడనే పడును. వానలో వెనుక చక్రములు జారినచో బండి గిరగిర తిరుగును, దానిని డ్రైవరు అదుపు చేయజాలడు. ఒకే ఇరుసుపై రెండు టైర్లును ఒకే రకమువిగా, ఒకే కొలతవిగా నుండవలయును. ఒక ప్రక్క రేడియలు, మరియొక ప్రక్క పాత అడ్డపొరల టైరు వేయుట ఎన్నటికిని తగదు.

అరుగుదలకు హద్దు ఎంత? చాలు అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్టు గలదు. చాళ్లు ఆ గట్టుతో సమమైనచో లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినదని యర్థము. అంతటితో టైరు వాడుక చట్టరీత్యా ముగియును. మృగశిర కార్తె రాకముందే, లోతు 3 మిల్లీమీటర్లుండగనే మార్చుట మేలని నా సలహా; నిలిచిన నీటిని ప్రక్కకు నెట్టుటకు చాలు వలయును, పొలములోనైనను రోడ్డుపైనైనను.

“ఇవన్నియు బాగుగనే యున్నవి, డబ్బెక్కడిది?” అని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. టైరు పేలునది పంట చేతికి వచ్చిన దినమున గాదు. ఎరువుల కప్పు చేసిన దినమున. అప్పుడు రైతు చేతిలో నున్న డబ్బుకు పాత టైరే వచ్చును. ఊహకొక లెక్క వేయుదము. క్రొత్త టైరు 6,000 రూపాయలు, అది 40,000 కిలోమీటర్లు నడచునను కొన్నచో కిలోమీటరుకు 15 పైసలు. పాత టైరు 2,000 రూపాయలు, 8,000 కిలోమీటర్లు నడచినచో 25 పైసలు. అంకెలు మీ యూరి ధరలను బట్టి మార్చుకొనుడు. ఫలితము తారుమారగుట అరుదు. రీట్రెడింగు, అనగా అరిగిన టైరుపై క్రొత్త చాళ్ల పట్టీ అతికించుట, లారీలకు చిరకాలముగా నున్న పద్ధతి, తప్పుడు పని కాదు. మన టైరే, వయస్సు తెలిసినది, ప్రక్కగోడకు దెబ్బలేనిది అయినచో ఒకసారి చేయించి వెనుక వేసికొనవచ్చును. ముందు చక్రములకు మాత్రము వలదు. ఎవరి టైరో తెలియని రీట్రెడింగు సరకు నసలే వలదు.

ఇక్కడనే మన సంఘమునకు పని గలదని నా వాదము. సంఘము విత్తనములు, ఎరువులు, అప్పులు చూచుకొన్న చాలును, టైర్లతో దానికేమి పని యని కొందరు పెద్దలు అనుచున్నారు. వారి సంకోచమును నేను గౌరవింతును. సంఘపు డబ్బు నలుగురిది. దానితో క్రొత్త వ్యాపారములకు దిగి చేతులు కాల్చుకొన్న సంఘములు లేకపోలేదు. కాని 1904 నాటి చట్టము అప్పుల సంఘములను మాత్రమే యెరుగును. కలసి కొనుటకు, కలసి అమ్ముటకు చట్టపు దారి 1912లో గాని తెరవబడలేదు. ఆనాడు అప్పులతో చాలుననుకొన్నచో నేడు మన గిడ్డంగిలో ఎరువు బస్తా యుండెడిది కాదు. నేను కోరునది సంఘము టైర్ల దుకాణము పెట్టుట కాదు. ఒకే కొలత టైరు వలసిన సభ్యులు పదిమంది కలసి, డబ్బు ముందుగా కట్టి, సంఘము పేర నొక్క ఉత్తరము వ్రాసినచో అమ్మువాడు మన షరతులకు వచ్చును. తయారీ తేదీ ఆరు మాసములకు మించరాదు, బరువు గుర్తు ఇంతకు తగ్గరాదు, రసీదు తప్పక యీయవలయును అని ఒంటరి రైతు అడిగిన నవ్వుదురు. పదిమంది నలుబది టైర్ల కడిగిన నవ్వరు.

డబ్బు ముందుగా కట్టుటకు మార్గమేమన, యార్డుకు పోయిన ప్రతి సారియు బాడుగ డబ్బులో కొంత సంఘమున టైరు ఖాతాక్రింద జమ కట్టుట. కిలోమీటరునకు అర్ధరూపాయి చొప్పున పదివేల కిలోమీటర్లకు 5,000 రూపాయలు. దీనికి తీర్మానమొకటి చాలును.

గిడ్డంగి వద్ద గాలి పంపు, మంచి గేజి యొకటి పెట్టుట మరియొక కోరిక. టైరు పేలుటకు వయస్సు, బరువులతో సమానమైన కారణము గాలి తక్కువగుట. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునకు ఎక్కువగా మడతపడును. ఆ మడతవలన లోపల వేడి పుట్టును. వేడికి పొరలు విడివడును. వేసవిలో రోడ్డే కాలుచుండగా చెప్పవలసిన దేమున్నది? కొందరు ఎండకాలమున టైరు పేలునని గాలి తగ్గించి నడుపుదురు. ఇది తలక్రిందులైన వైద్యము. చల్లని టైరులో, ప్రొద్దుననే బండి కదలక ముందు, కంపెనీవారు తలుపు చట్రముపై వ్రాసిన లెక్క ప్రకారము గాలి నింపవలయును. బరువుతో పోవునాటి లెక్క, ఖాళీగా పోవునాటి లెక్క వేరువేరుగా వ్రాసి యుందురు. వేడి పది డిగ్రీలు పెరిగినచో గాలి సుమారు రెండు పాయింట్లు పెరుగుట సహజము. దారిలో అది చూచి గాలి తీసివేయరాదు.

డన్‌లప్ అను నాయన బెల్ఫాస్టు పట్టణమున తన కుమారుని మూడు చక్రముల బండికై గాలి టైరును చేసినపుడు ఆయన వృత్తి పశువైద్యము. ఎడ్లకు మేలు కలుగు పని పశువైద్యుని చేతనే మొదలగుట నాకు ముచ్చటగా తోచును. మన టైరు బండ్ల ఎడ్లు ఇనుప పట్టా చక్రముల ఎడ్లకంటె సుఖపడినవి గదా. నాటి నుండి నేటి వరకు బరువును మోయుచున్నది రబ్బరు కాదు, లోపలి గాలియే.

సభ్యులు ఒక చీటీపై బండి రకము, టైరు కొలత, బరువు గుర్తు, అయిదు టైర్ల తయారీ తేదీలు వ్రాసి కార్యదర్శిగారికి అందజేయ గోరుచున్నాను. అయిదు అనుటలో స్టెప్నీ కూడ చేరినది. తేదీలు చూచిన పిమ్మట ఎవరికి ముందుగా వలయునో తెలియును. నా బండి చీటీ యిదివరకే యిచ్చితిని. నాలుగు చక్రములును ప్రమాదము తరువాత మార్చినవే. క్రింద వ్రేలాడుచున్న స్టెప్నీని మొన్న తుడిచి చూడగా 0719 అని యున్నది.